ఇత్తడి రేకుపై దిద్దిన చేయి

ఇంగ్లండు దేశపు ఉత్తరభాగమున టైను అను నది కలదు. ఆ నదికి దక్షిణపు టొడ్డున, న్యూకాసిల్ పట్టణమునకు పడమరగా ఇంచుమించు 12 మైళ్ల దూరములో, చెర్రీబర్న్ అను చిన్న రైతుయిల్లు ఉండెను. 1753వ సంవత్సరము ఆగస్టు నెలలో ఆ యింట థామస్ బ్యూయిక్ జన్మించెను. తండ్రి జాన్ బ్యూయిక్ కొద్దిపాటి కౌలుభూమిని సాగుచేయుచు, దగ్గరనే యున్న ఒక చిన్న బొగ్గుగనిని నడపుచుండెను. తల్లి పేరు జేన్. ఆ దంపతుల ఎనమండుగురు బిడ్డలలో థామస్ పెద్దవాడు.

నదికి ఆవలియొడ్డున నున్న ఓవింగ్‌హామ్ గ్రామములో క్రిస్టఫర్ గ్రెగ్సన్ అను మతాచార్యుడు బడి నడపుచుండెను. థామస్ అందు చదువుకొనెను. లాటిను పాఠములకంటె పిట్టలమీదను, చేపలమీదను, అడవిమృగములమీదను ఆ బాలునికి మక్కువ ఎక్కువ. లెక్కలు చేయవలసిన పలకమీద లెక్క కొంచెము, బొమ్మలు మెండు. పుస్తకముల అంచులన్నియు బొమ్మలతో నిండిపోయెను. కాగితము కొనుటకు డబ్బు లేదు. అందుచేత ఒక సుద్దముక్కను సంపాదించి, గోరీలమీది రాతిపలకలపైనను, చర్చి వాకిటి నేలమీదను బొమ్మలు వేయసాగెను. రాత్రివేళ ఇంటిలోని నాపరాళ్లును, పొయ్యిముందరి రాయియు ఆతనికి పలకలయ్యెను. గీయుట, చెరుపుట, మరల గీయుట, ఇదియే పని. ఎంత చెరిపినను నష్టములేని పలక అది.

కొంతకాలమునకు ఎవరో దయతలచి ఆ బాలునికి కాగితము ఇచ్చిరి. కలము, సిరా, ముళ్లపొదలలో పండు నల్లని పండ్ల రసము, ఇవియే ఆతని సామగ్రి. ఆ వేటబొమ్మలను ఇరుగుపొరుగువారు ముచ్చటపడి తమ గుడిసెగోడలకు అంటించుకొనిరి. బొమ్మలు వేయుట ఎట్లో ఆతనికి ఎవ్వరును నేర్పలేదు.

బొమ్మలవలన కడుపు నిండునా యని తలిదండ్రులకు చింత కలిగెను. న్యూకాసిల్‌లో రాల్ఫ్ బీల్బీ అను నగిషీపనివాడు ఉండెను. ఆతని తండ్రి డర్హామ్ పట్టణములో వెండిపని చేసినవాడు. బీల్బీయొద్ద పని నేర్చుకొనుటకు థామస్‌ను చేర్చవలెనని పెద్దలు నిశ్చయించిరి. పని నేర్పుటకు గురువునకు ముందుగా కొంత రుసుము చెల్లించుట ఆ దేశాచారము. అందులకై థామస్ నాయనమ్మ 20 పౌనులు విడిచి పోయియుండెను. ఆ ముసలమ్మ కూడబెట్టిన సొమ్మే మనుమని చదువునకు పెట్టుబడి యయ్యెను. 1767వ సంవత్సరము అక్టోబరు 1వ తేదీన, పదునాలుగేండ్ల థామస్ ఏడు సంవత్సరముల ఒప్పందముపై బీల్బీ యింట చేరెను. పల్లెను, నదిని, పిట్టలను విడిచి, ఇరుకువీధుల పట్టణములో ఉండవలసివచ్చినందుకు ఆ బాలుని మనస్సు చాలనాళ్లు బరువెక్కియుండెను.

పెండ్లిలో ఇచ్చిన ఇత్తడిబిందె మెడమీద పేరు చెక్కించుట మన యిండ్లలో అందరును ఎరిగినదే. మొనవాడియైన చిన్న ఉలిని లోహముపై నడపి, సన్నని గాటులతో అక్షరమునో, బొమ్మనో తీర్చుటయే నగిషీపని. చూచుటకు తేలికగా కనిపించును, చేయుటకు తేలిక కాదు. ఉలిపిడిని అరచేతిలో ఇముడ్చుకొని, బొటనవ్రేలు లోహముపై ఆనించి, మెల్లగా ముందునకు త్రోయవలెను. వంపుగీత వచ్చినప్పుడు ఉలిని త్రిప్పరాదు. ఇసుక నింపిన తోలుదిండుపై రేకును పెట్టి, ఎడమచేతితో ఆ రేకునే ఉలికెదురుగా త్రిప్పవలెను. వెండ్రుకవాసి ఎక్కువ నొక్కినచో గీత లోతగును. తక్కువ నొక్కినచో ఉలి జారి, చెక్కకూడనిచోట గీటు పడును. కలముతో గీచిన గీతను చెరుపవచ్చును. ఉలి గీచిన గీత మాత్రము అంత సులభముగా పోదు.

కావున ఈ విద్యలో ప్రవేశించువానికి మొదట వచ్చు ప్రశ్న ఒకటి కలదు. ఏ లోహముపై చేయి దిద్దుకొనవలెను? బంగారమును వెండియు మెత్తనివి, ఉలికి చక్కగా లొంగును. కాని వాని వెల ఎక్కువ. పైగా అవి గురువు సొత్తుకూడ కావు. నమ్మి ఇచ్చిపోయిన ఖాతాదారునివి. గాటు తప్పినచో గోకి సరిచేయవలెను, గోకినకొలది వస్తువు పలుచబడును. ఉక్కు చౌకయే కాని మిక్కిలి గట్టిది. నేర్పు చాలని చేతిలో ఉలిమొన విరిగిపోవును, మాటిమాటికి సానపట్టవలెను. సీసము మరీ మెత్తనిది. దానిపై గీచినచో చేతికి ఒత్తిడి తెలియదు. రాగి మెత్తగా నుండి ఉలితో కూడ కొంచెము అంటుకొని సాగును, గీత తీరుగా రావలెనన్న మొన మిక్కిలి వాడిగా నుండవలెను. ఇత్తడి రాగికంటె కొంచెము గట్టిది. దానినుండి తునుకలు పొడిపొడిగా తెగి లేచును. మొన మొద్దువారినచో వెంటనే తెలియును. రాగి, ఇత్తడి రెండును సామాన్యుల వస్తువులకు వాడు లోహములు. తప్పు పడినచోట గోకి, వెనుకవైపునుండి సుత్తితో మెల్లగా తట్టి పైకి తెచ్చి, నునుపుచేసి, మరల చెక్కవచ్చును. నేర్చువానికి కావలసినది వెలగల లోహము కాదు, తప్పును ఓర్చుకొను లోహము.

బీల్బీ పనియింటిలో ఇట్టి లోహమునకు కరవు లేదు. ఆతడు వచ్చిన పనిని ఏదియు కాదనెడివాడు కాడు. వెండిపాత్రలపై వంశచిహ్నములు చెక్కుటలో ఆతనికి మంచి పేరుండెను. అట్టి సున్నితమైన పని గురువు చేతిలోనిది. మోటుపనియంతయు శిష్యునిది. గడియారముల ఇత్తడిముఖములు, ఇండ్ల తలుపులకు తగిలించు పేరు పలకలు, పుస్తకముల అట్టలపై బంగారుటక్షరములు ఒత్తు అచ్చులు, పొగాకుగొట్టముల మూసలు, సీసాల మూసలు, ఉక్కుముద్రలు, శవపేటికలకు బిగించు రేకులు, ఇట్టివి కుప్పలుగా వచ్చుచుండెను. మొట్టమొదట గురువు ఒక అలంకారముల పుస్తకమును ముందుంచి దానిలోని లతలను, చుట్టలను చూచి గీయుమనెను. చిత్రలేఖనములో ఆతనికి గురువువలన దొరికిన పాఠము అంతమాత్రమే. పిమ్మట షాట్లీబ్రిడ్జి గ్రామపు కత్తులవారు పంపిన కత్తివాదరలపై ఆమ్లముతో బొమ్మలు దించు పని వచ్చెను. తక్కినదంతయు చేతితో నేర్చుకొనవలసినదే.

తలుపుపలకను వీధిని పోవు ప్రతివాడును చూచును. అక్షరము ఒకటి వంకరయైనచో ఆ యింటివాడు ప్రతిదినమును దానిని చూచుకొనుచుండును. శవపేటికరేకు అట్టిది కాదు. దానిపై చనిపోయినవాని పేరును, వయస్సును చెక్కుదురు. ఒకపూట దుఃఖముతో నిండిన కన్నులు దానిని చూచును. మరునాటికి అది మట్టిలో కలియును. ఇక ఎవ్వరును చూడబోరు. అట్టి రేకుపై గీతలు తిన్నగా ఉండవలసిన పని ఏమి? అయినను పనియింటి ధర్మము వేరు. తలుపునకైనను మట్టికైనను అక్షరము అక్షరమే. ఎవరును చూడని రేకుపై సరిగా కుదిరిన చేయి, అందరును చూచు వెండిపళ్లెముపై తడబడదు. ఏడేండ్లపాటు థామస్ ఈ రెండు విధములైన రేకులను చెక్కెను. రాగిరేకులను నునుపుచేయుటవలనను, ఉక్కుముద్రలను కాల్చి గట్టిపరచుటవలనను ఆతని చేతులు కమ్మరివాని చేతులవలె మొరటుబారి, లావెక్కెను. సన్ననిపని చేయవలసిన చేతులు ఇట్లయ్యెనేయని ఆతడు బాధపడిన దినములును కలవు.

ఆ రోజులలో న్యూకాసిల్‌లో చార్లెస్ హట్టన్ అను గణితోపాధ్యాయుడు ఉండెను. ఆతడు క్షేత్రఫలములను గూర్చి వ్రాయుచున్న గ్రంథమునకు రేఖాచిత్రములు కావలసెను. రాగిరేకుపై చెక్కిన చిత్రములో సిరా గాటులలోపల నిలుచును. దానిని వేరొక యంత్రముపై గట్టిగా నొక్కి అచ్చువేయవలెను. అక్షరములతో కలిపి ఒకేమారు అచ్చువేయ వీలులేదు. కొయ్యదిమ్మెపై చెక్కినచో గీత పైకి నిలిచియుండును. దానిని అక్షరముల ప్రక్కనే అమర్చి ఒకేమారు అచ్చువేయవచ్చును. ఖర్చు తక్కువ. బీల్బీకి కొయ్యపని రుచింపదు. కావున ఆ పని క్రమముగా శిష్యునిపై పడెను. 1770లో వెలువడిన హట్టన్ గ్రంథములోని చిత్రములు ఆ బాలుని చేతివే. గురువు ఇష్టములేక వదలిన పని శిష్యుని జీవితమార్గ మయ్యెను.

అంతకుపూర్వము సామాన్యముగా కొయ్యబొమ్మలను నిలువుకోత పలకలపై చాకుతో చెక్కెడివారు. పోగు వెంబడి చాకు జారిపోవును, గనుక సన్ననిగీతలు కుదరవు. అట్టి బొమ్మలు మోటుగా నుండి, వీధిపాటల కాగితములకే పరిమితమై యుండెను. బ్యూయిక్ బాక్సు అను గట్టిచెట్టు కొమ్మను అడ్డముగా కోసిన దిమ్మెను తీసికొనెను. దాని పైతలము దట్టముగా, నునుపుగా, లోహమువలె ఉండును. దానిపై చాకును కాక, ఇత్తడిరేకుపై తాను వాడిన ఉలినే నడపెను. నల్లనిగీతను మిగుల్చుటకు చుట్టునుగల కొయ్యనంతయు తొలగించుటకు మారుగా, ఉలి పోయినచోట తెల్లనిగీత పడునట్లు చేసెను. చీకటిలోనుండి వెలుగును తీయుచున్నట్లు బొమ్మ తయారగుచుండెను. ఈ విధముగా కొయ్యపై లోహపు ఉలిని వాడుట ఆతనికి ముందు బొత్తిగా లేకపోలేదు. కాని దానిని అంతటి కళగా పెంచినవాడు ఆతడే.

కొయ్య లోహమువలె తప్పును ఓర్చదు. గాటు తప్పినచో సుత్తితో తట్టి పైకి తెచ్చుటకు వీలులేదు. ఆ భాగమును తొలిచి, వేరొక కొయ్యబిరడాను బిగించి మరల చెక్కవలసి యుండును. బాక్సుచెట్టు సన్ననిది, గనుక దిమ్మెలు చిన్నవి. అట్టి చోట ఆతని చేయి తడబడకుండుటకు కారణము ఆ ఏడేండ్ల చౌకరేకులే. ఓర్చుకొను గురువునొద్ద నేర్చినవాడు ఓర్వని పనికి సిద్ధమయ్యెను.

1774 అక్టోబరులో ఒప్పందపు గడువు తీరెను. కట్టుకథలకై తాను చెక్కిన కొన్ని బొమ్మలను 1775లో లండనులోని కళాప్రోత్సాహక సంఘమునకు పంపగా, ఆ సంఘము 7 గినీల బహుమానము ఇచ్చెను. ఆ సొమ్మును తీసికొనిపోయి తల్లిచేతిలో పెట్టునప్పుడు కలిగిన సంతోషమును ఆతడు జన్మాంతము మరువలేదు. 1776లో స్కాట్లండు కొండలలో కాలినడకను తిరిగి, అక్టోబరులో లండను చేరెను. అచ్చట పని దొరకినది, ఆదరించువారును దొరకిరి. కాని ఆ మహానగరములోని మిక్కుటమైన సంపదను, దాని ప్రక్కనే కటికదారిద్ర్యమును చూచి ఆతని మనస్సు నిలువలేదు. 1777లో న్యూకాసిల్‌కు తిరిగివచ్చి, తన గురువు బీల్బీతోనే భాగస్వామిగా చేరెను. తమ్ముడు జాన్‌ను తమ పనియింటిలో శిష్యునిగా చేర్చుకొనెను.

చిన్ననాడు బ్యూయిక్ చూచిన జంతువుల పుస్తకములలో బొమ్మలు మిక్కిలి అధ్వాన్నముగా ఉండెడివి. పిల్లలకు నిజమైన జంతువు నిజమైన రూపమున కనిపించు పుస్తకము కావలెనని ఆతని కోరిక. పగటివేళ బ్రతుకుతెరువునకు వలసిన రేకులను చెక్కి, రాత్రులయందు జంతువుల దిమ్మెలను చెక్కుటకు పూనుకొనెను. 1785వ సంవత్సరము ఆతనికి మిక్కిలి దుఃఖమును తెచ్చెను. ఫిబ్రవరిలో తల్లి మరణించెను. అదే యేట ఒక చెల్లెలు పోయెను. నవంబరు 15వ తేదీన తండ్రియు కన్నుమూసెను. ఆ పుస్తకమునకై మొదట చెక్కిన ఒంటె బొమ్మను బ్యూయిక్ ఆ దినముననే చెక్కెను. దుఃఖము వచ్చిన దినమున చేయి పనిని విడువలేదు.

1790లో నాలుగుకాళ్ల జంతువుల చరిత్ర వెలువడెను. వచనమును ఎక్కువగా బీల్బీ వ్రాసెను. మొదటి ముద్రణలో చిన్నసైజు ప్రతులు 1500 అచ్చయ్యెను, ఒక్కొక్కదాని వెల 8 షిల్లింగులు. రాగిరేకులపై చెక్కిన జంతుగ్రంథములు ధనికుల గ్రంథాలయములకే చేరెడివి. ఇది మధ్యతరగతి యిండ్లలోనికిని, బడిపిల్లల చేతులలోనికిని పోయెను. ప్రతి ప్రకరణము చివరను మిగిలిన ఖాళీలో ఆతడు చిన్నచిన్న పల్లెబొమ్మలను చేర్చెను. వానలో నడచు ముసలివాడు, గుడ్డి భిక్షకుని నడిపించు కుక్క, నీటిలో చేపలు పట్టువాడు, ఇట్టివి అందు కనిపించును. సుద్దముక్కతో రాళ్లమీద గీచిన బాలుడు వానిలో దాగియున్నాడు.

ఇంత నేర్పరికిని దెబ్బలు తప్పలేదు. 1789లో చిల్లింగ్‌హామ్ వనములోని అడవియెద్దును ఆతడు తనకున్న దిమ్మెలన్నిటికంటె పెద్దదానిపై చెక్కెను. కొద్ది ప్రతులను తోలుకాగితముపై తీసినపిదప, ఆ దిమ్మె ఎండతాకిడికి పగిలిపోయెను. ఎంతో శ్రమకోర్చి చేసిన పని ఒక్క పూటలో చీలెను. దానిని చూచి కూలబడక, ఆతడు పక్షులను గూర్చిన గ్రంథమునకు పూనుకొనెను.

ఆ గ్రంథమువలననే మరియొక చీలిక వచ్చెను. భూమిమీది పక్షులను గూర్చిన మొదటి సంపుటము 1797లో సిద్ధమైనప్పుడు, గ్రంథకర్తగా తన పేరు వేయవలెనని బీల్బీ కోరెను. వచనమును సరిదిద్దుటలో తనకును పాలు కలదని బ్యూయిక్ ఒప్పుకొనలేదు. మిత్రులు మధ్యవర్తులైరి. ఎవరి పేరును రచయితగా వేయకుండ పుస్తకము వెలువడెను. కాని ముప్పది యేండ్ల అనుబంధము తెగిపోయెను. 1798 ఆరంభములో ఇరువురు విడిపోయిరి. నీటిపక్షులను గూర్చిన రెండవ సంపుటమును 1804లో బ్యూయిక్ తానే వచనముతో సహా పూర్తిచేసెను. అయినను తనకు ఉలిపట్టుట నేర్పినవాడు బీల్బీయేనన్న మాటను ఆతడు ఎన్నడును మరుగుపరచలేదు.

పేరుప్రతిష్ఠలు వచ్చినపిదపను బ్యూయిక్ పనియింటిలో ఇత్తడిపలకలు, రాగిరేకులు, ముద్రలు, బ్యాంకునోట్లు చెక్కుట ఆగలేదు. పల్లెనుండి వచ్చు శిష్యులకు ఆ సామాన్యపు పనులును కలవు, కొయ్యపనియు కలదు. లూక్ క్లెన్నెల్, చార్ల్టన్ నెస్బిట్, విలియమ్ హార్వే మున్నగువారు అచ్చట పని నేర్చి లండనులో ప్రసిద్ధులైరి. కొయ్యదిమ్మె నాసిరకపు వస్తువన్న అపోహయు ఆతనివలన తొలగెను. ఒక వార్తాపత్రికకై తాను చెక్కిన చిన్న దిమ్మె తొమ్మిది లక్షలకు పైగా అచ్చులు తీసినను చెడలేదని ఆతడు వ్రాసియుంచెను. రాగిరేకుపై గీతలు అందులో స్వల్పభాగము అచ్చులకే అరిగిపోవును.

1826లో భార్య ఇసబెల్లా మరణించెను. 1827లో అమెరికా పక్షిచిత్రకారుడు ఆడుబన్ ఆ వృద్ధుని చూచుటకు న్యూకాసిల్‌కు వచ్చెను. డెబ్బది దాటిన బ్యూయిక్ అప్పటికిని ఉలిని విడువలేదు. 1828వ సంవత్సరము నవంబరు 8వ తేదీన ఆతడు గేట్స్‌హెడ్‌లో కన్నుమూసెను. ఏ చర్చివాకిట సుద్దముక్కతో బొమ్మలు వేసెనో, ఆ ఓవింగ్‌హామ్ చర్చి ఆవరణముననే ఆతనిని సమాధి చేసిరి. తన కుమార్తెకై వ్రాసిన ఆత్మకథ 1862లో అచ్చయ్యెను. 1830లో యారెల్ అను శాస్త్రజ్ఞుడు ఒక జాతి హంసకు బ్యూయిక్ పేరు పెట్టెను. నేటికిని ఆ హంస ఆ పేరుతోనే వ్యవహరింపబడుచున్నది.

బ్యూయిక్‌కు ధనికులైన తలిదండ్రులు లేరు, చిత్రలేఖనము నేర్పు పాఠశాల లేదు. ఆతనికి మొదట దొరికినది సుద్దముక్క, పిదప దొరికినది ఇత్తడిరేకు. వెలలేని వస్తువని దానిని ఆతడు చిన్నచూపు చూడలేదు. మట్టిలో కలియు రేకుపై అక్షరమును కూడ తిన్నగా చెక్కెను. అందుచేతనే ఆతడు చెక్కిన పిట్టలు రెండువందల సంవత్సరములు దాటినను పుస్తకపు పుటలలో ఇంకను రెక్కలల్లార్చుచున్నవి.